నూట నలభై రెండు ఫొటోలు

హైదరాబాద్ నుంచి సాల్మన్ ఫోన్ చేసిన రోజు జగదేవికి మధ్యాహ్నం అన్నం సయించలేదు. డబ్బా మూత తీసి రెండు ముద్దలు తిని మళ్లీ మూసేసింది.

సాల్మన్ ఆబిడ్స్‌లోని ఒక ల్యాబులో స్లైడ్ ఫిల్ములు కడిగే మనిషి. జగదేవి బీదరులోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఫొటోలు తీసే ఉద్యోగి. పద్దెనిమిదేళ్లుగా ఆమె పంట పురుగులనీ తెగుళ్లనీ ఫిల్ము మీదికెక్కించి బస్సు పార్సిల్‌లో పంపేది. అతను వాటిని కడిగి, ఒక్కో బొమ్మనూ చిన్న అట్ట చట్రంలో బిగించి తిరిగి పంపేవాడు. ఇద్దరూ ముఖాముఖి చూసుకున్నది మూడుసార్లకు మించదు.

"దసరా దాకనే అక్కా," అన్నాడు సాల్మన్. "అటెన్క మిషన్ బంద్. నెలకు మీదొక డబ్బా, ఇంకెవరిదో ఒక డబ్బా వస్తాంది. ఆ మందునీళ్లు ఊకెనే ఖరాబైతున్నయి. సేఠ్ ఇగ నడ్పనన్నడు."

"మరి నేనేం జెయ్యాలె?"

"అందరు డిజిటల్‌కు పోయిన్రు గదక్కా. మీరు గూడ పోవాలె."

అది రెండువేల ఎనిమిది ఆగస్టు. దసరాకు రెండు నెలలు కూడా లేవు. ఆఫీసు ఫ్రిజ్‌లో, పురుగుల సీసాల పక్కన, తొమ్మిది ఫిల్ము డబ్బాలున్నాయి. జగదేవి ఆ పూట మూడుసార్లు ఫ్రిజ్ తలుపు తీసి చూసింది. మూడోసారి ప్యూను సంజు, "ఏమన్న పోయిందా మేడమ్?" అని అడిగితే, ఏమీ లేదని చెప్పి తలుపు వేసింది.

ఆమె ఈ ఉద్యోగంలో చేరింది బొమ్మలు గీయడానికి. చింతకిలో రైతు కుటుంబం వాళ్లది. కంది చేలల్లో పెరిగిన పిల్ల కనుక ఏ పురుగు ఏ ఆకు కింద దాక్కుంటుందో చదువుకోక ముందే తెలుసు. మొదట అట్టల మీద రంగులతో పురుగుల బొమ్మలు వేసేది. తర్వాత అప్పటి పెద్ద సైంటిస్టు ఆమె చేతిలో కెమెరా పెట్టి స్లైడ్ ఫిల్ము వాడటం నేర్పాడు. ఆ ఫిల్ముతో పొరపాటుకు చోటు లేదు. వెలుతురు కాస్త ఎక్కువైతే బొమ్మ వెలిసిపోతుంది, తక్కువైతే నల్లబడుతుంది. డబ్బాకు ముప్పై ఆరు బొమ్మలే. అందుకని జగదేవి ఒక మొక్క దగ్గర అరగంట కూర్చునేది. ఆకులు తిప్పి చూసేది, కాండం గోకి చూసేది, మబ్బు అడ్డం వచ్చేదాకా ఆగేది. అప్పుడు రెండంటే రెండుసార్లు మీట నొక్కి లేచేది. ఊళ్లలో బడిగది కిటికీలు మూసి, గోడకు తెల్ల దుప్పటి కట్టి ఆ స్లైడ్లు వేస్తే, దూడంత సైజులో కనిపించే పచ్చపురుగును చూసి రైతులు గుసగుసలాడుకునేవారు.

సెప్టెంబరు మొదటి వారంలో ఆఫీసుకు డిజిటల్ కెమెరా వచ్చింది. దాన్ని తెప్పించింది విద్య. తెగుళ్ల విభాగానికి కిందటేడే వచ్చిన సైంటిస్టు, ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల. తల్లిది జహీరాబాద్ కావడంతో తెలుగు బాగానే మాట్లాడుతుంది.

"దీంట్ల ఫిల్ము ఖర్చు లేదు జగదేవక్కా. ఎన్నన్న తియ్యి. మంచిగ రాకపోతే తీసెయ్యి," అంది విద్య, కెమెరా వెనక ఉన్న చిన్న తెర చూపించి.

"రంగులు సరిగ వస్తయా మేడమ్?"

"వస్తయి. పొద్దుగాల తీస్తే పగటాల్లకు నా కంప్యూటర్ల ఉంటయి. అది సోచాయించు."

జగదేవి ఆలోచించకుండా ఎలా ఉంటుంది? పద్నాలుగేళ్ల కింద, చింతకిలో సొంత తమ్ముడు పీరప్ప కంది చేను ఎండిపోతూ ఉంటే ఆమే వెళ్లి ఫొటోలు తీసింది. స్లైడ్లు తిరిగి రావడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. అవి వచ్చి, పెద్ద సైంటిస్టు వాటిని వెలుతురు పెట్టె మీద పెట్టి చూసి తెగులు పేరు చెప్పేసరికి పీరప్ప చేను దున్నేశాడు. అతను అక్కను పల్లెత్తు మాట అనలేదు. ఆ యేడు కూలికి హైదరాబాద్ వెళ్లాడు. ఆ స్లైడ్లు ఎంత బాగా వచ్చాయంటే, ఇప్పటికీ శిక్షణ తరగతుల్లో అవే చూపిస్తారు. వాటిని పెట్టిన ప్రతిసారీ జగదేవి కిటికీ వైపు చూస్తుంది.

కాబట్టి కొత్త కెమెరా వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. తీసుకుంది. మొదటి రోజే మూడు వందల పైన ఫొటోలు తీసింది. ఆఫీసు తోటలో ప్రతి మొక్కా, ప్రతి చీమా. తీయడం, వెంటనే తల వంచి తెర చూడటం, మళ్లీ తీయడం. ఫిల్ము రోజుల్లో మీట నొక్కాక ఆ బొమ్మ గురించి చేయగలిగింది ఏమీ ఉండేది కాదు, డబ్బా తిరిగి వచ్చేదాకా మనసు వేరే పని చూసుకునేది. ఇప్పుడు ఏ బొమ్మా పూర్తయినట్టు అనిపించడం లేదు. ఇంకొంచెం దగ్గరికి, ఇంకొంచెం పక్కకు. చేతులు ఆగవు. ఇంట్లో పప్పు తాలింపు పెడుతూ మధ్యలో వదిలేసి వచ్చి కెమెరా తెర చూసుకుంటుంటే, భర్త దయానంద్ పొయ్యి ఆర్పి వచ్చాడు. ఆయన సర్కారు బస్సులో కండక్టరు.

"ఏమైంది నీకు? బస్సు తప్పిపోయిన ప్యాసింజర్ లెక్క తిరుగుతున్నవ్," అన్నాడు.

"నాకే సమజైతలేదు," అంది జగదేవి.

ఇంకోపక్క ఫ్రిజ్‌లోని ఫిల్ము ఆమెను నిలవనీయలేదు. దసరాలోపు వాడేయాలి. కానీ దేనికి వాడాలి? ఏ మొక్కను చూసినా ఇది ఆ ఆఖరి ఫిల్ముకు తగినదా కాదా అని కొలిచేది. నాలుగు డబ్బాలు ఎలాగో పూర్తి చేసింది. అయిదోది పాత కెమెరాలో సగంలో ఉంది. రెండు కెమెరాలూ భుజాన వేసుకుని తిరిగేది.

అలా తిరుగుతున్న రోజుల్లోనే మంగళగి నుంచి సిద్దప్ప కబురు చేశాడు. సిద్దప్పకు ఏడెకరాల కంది. ఆఫీసు వాళ్లు ఏది చెప్పినా వినే రైతు, జగదేవికి పదేళ్లుగా తెలిసిన మనిషి.

"జగదేవమ్మా, చేన్ల నడిమిట్ల కొన్ని చెట్లు పాలిపోయినట్టున్నయి. జర వచ్చి చూడు," అన్నాడు ఫోన్‌లో.

విద్యకు ఆ రోజు ఆఫీసులో మీటింగు. "నువ్వు పోయి ఫొటోలు తెచ్చెయ్యి అక్కా, నేను చూసి చెప్త," అంది.

జగదేవి వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండ నిటారుగా పడుతోంది. సిద్దప్ప భార్య హనుమవ్వ మజ్జిగ ఇచ్చింది. చేను మధ్యలో పది పదిహేను మొక్కలు మిగతావాటికన్నా లేత రంగులో ఉన్నాయి. జగదేవి డిజిటల్ కెమెరా తీసి మొదలుపెట్టింది. నిలబడి, వంగి, గట్టు మీంచి, మళ్లీ దగ్గరికొచ్చి. ప్రతిదానికీ తెర చూసుకుంది, ఎండలో తెర సరిగ్గా కనిపించక కొంగు అడ్డం పెట్టుకుని చూసింది. పాత కెమెరా భుజాన వేలాడుతూనే ఉంది. ఇంత మామూలు పాలిపోవడానికి ఆఖరి ఫిల్ము ఖర్చు పెట్టబుద్ధి కాలేదు. గంటలోపే నూట నలభై రెండు ఫొటోలయ్యాయి. నాలుగింటి బస్సు దొరికింది.

విద్య ఆ సాయంత్రమే కంప్యూటర్లో చూసింది. మొదటి ఇరవై చూసి, తర్వాత వేలితో జర్రుమని జరుపుకుంటూ పోయింది. అన్నీ ఒకలాగే ఉన్నాయి.

"కొస ఆకులు పసుపు తిరుగుతున్నయి. ఇనుము తక్కువైంది. అన్నభేది కొట్టుమని చెప్పు అక్కా, రెండుసార్లు, వారం ఎడంతోని."

జగదేవి వెంటనే సిద్దప్పకు ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేశాక గర్వంగా కూడా అనిపించింది. ఉదయం పిలిచిన రైతుకు చీకటి పడకముందే జవాబు. ఇరవై రెండు రోజులు కాదు.

పది రోజుల తర్వాత సిద్దప్ప ఆఫీసు మెట్ల మీద కూర్చుని కనిపించాడు. పక్కన తడిపిన గోనెసంచి. అందులో వేళ్లతో సహా పీకిన రెండు కంది మొక్కలు.

"రెండుసార్లు కొట్టిన. అన్నభేది. మీరు చెప్పినట్టే," అన్నాడు. "పది చెట్లు ఇప్పుడు నూరైనయి."

జగదేవి మొక్కను చేతిలోకి తీసుకుని ఒక లేత ఆకును వెలుతురుకు పట్టింది. అరచేతిలో ఆకు ఆనిన ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ మచ్చలు అతుకులు వేసినట్టున్నాయి. ఆకు చిన్నదైపోయింది. కొమ్మలు గుబురుగా పెరిగాయి, మొగ్గ జాడ లేదు. గొడ్డు తెగులు. పూత రాకుండా చేసే తెగులు. కంటికి కనిపించని నల్లి గాలికి కొట్టుకొచ్చి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు అంటిస్తుంది. దీనికి మందు లేదు. మొదట్లోనే పట్టుకుని మొక్కలు పీకి కాల్చాలి, మిగతావాటి మీద నల్లి మందు కొట్టాలి. మొదట్లోనే.

ఆమె ఇలాంటి ఆకుల్ని పద్దెనిమిదేళ్లలో వందసార్లు చూసింది. చిన్నప్పుడు నాన్న చేలో కూడా చూసింది.

సిద్దప్పను కూర్చోమని చెప్పి లోపలికి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ రోజు ఫొటోలు ఒక్కొక్కటే తెరిచింది. మొదటిది, రెండోది, పదోది. మొక్కలన్నీ ఎండలో మెరుస్తూ పసుప్పచ్చగా కనిపిస్తున్నాయి. ఒక్క ఆకూ తిప్పి తీయలేదు. ఒక్కటీ చేతిలోకి తీసుకుని తీయలేదు. నూట పదిహేడో ఫొటోలో మాత్రం ఆమె నీడ మొక్క మీద పడింది. ఆ నీడలో ఒక మూలకు, నాలుగు ఆకుల మీద అతుకుల మచ్చలు స్పష్టంగా ఉన్నాయి. కెమెరా దాన్ని పట్టింది. ఎవరూ చూడలేదు. తీసినప్పుడు తనూ చూడలేదు, తర్వాత విద్యా చూడలేదు.

విద్య వచ్చి వెనక నిలబడింది. జగదేవి తెర మీద వేలు పెట్టి చూపించింది. విద్య వంగి ఆ నాలుగు ఆకుల్నీ దగ్గర్నుంచి చూసింది.

"నేను వేరే పనిల ఉండి జల్ది జల్ది చూసిన అక్కా," అంది చివరికి.

"మీరు బొమ్మ చూసిన్రు. నేను చేన్లనే ఉంటిని," అంది జగదేవి. "నూట నలభై రెండు తీసిన మేడమ్. ఒక్క ఆకు ముట్టలే."

అప్పటికప్పుడు ఆఫీసు జీపులో ముగ్గురూ మంగళగి వెళ్లారు. దారిలో జగదేవి సిద్దప్పకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తెగులు పేరు, తాము చేసిన తప్పు, పోయిన పది రోజులు. సిద్దప్ప కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. ఒక్కటే అడిగాడు. "నడిమిట్ల చెట్లన్ని పీకాల్నా?"

"పీకాలె అన్నా."

చేలో హనుమవ్వ కూడా చేరింది. నలుగురూ వరుసల వెంట నడుస్తూ తెగులు తగిలిన మొక్కలు పీకడం మొదలుపెట్టారు. నడుమెత్తు మొక్కలు. హనుమవ్వ పీకుతూ పోయి, ఒకచోట ఆగింది. "మొన్న నువ్వొచ్చిన్నాడు ఇవి మంచిగనే ఉండె గద చెల్లే, ఈ వరుస," అంది. జగదేవి తల వంచుకుని ఇంకో మొక్క పట్టుకుంది. ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి.

ఎండ కాస్త తగ్గాక జగదేవి డిజిటల్ కెమెరా భుజాన వేసుకుంది. ముందు దాన్ని వీపు వెనక్కి తోసి, ఒక మొక్క దగ్గర మోకాళ్ల మీద కూర్చుని కొస నుంచి మొదలు దాకా చూసింది. లేత ఆకును వేళ్ల మధ్య పట్టుకుని విద్యను గొడుగు అడ్డం పెట్టమంది. నాలుగు ఫొటోలు తీసింది. నాలుగూ అక్కడే, నీడలో, పెద్దవి చేసి చూసింది.

"సిద్దప్పన్నా," అంది లేస్తూ. "ఈ గాలికి మీ చుట్టుపక్కల చేన్లకు గూడ అంటి ఉంటది. ఈ బొమ్మలు రేపు ఊరందరికి చూపెట్టాల్నని ఉన్నది. నీ పేరైతే చెప్పను."

"పేరు చెప్పకపోతే మా ఊరోళ్లకు నా గెట్టు ఎర్కలేదా?" అన్నాడు సిద్దప్ప. "చూపెట్టు."

మర్నాడు మధ్యాహ్నం బడిలో ఒక గది కిటికీలకు గోనెపట్టాలు కట్టారు. ముప్పై మంది దాకా రైతులొచ్చారు. విద్య లాప్‌టాప్ పెట్టి, కొత్త ప్రొజెక్టర్‌తో గోడ మీద బొమ్మ వేసింది. జగదేవి పాత అలవాటు కొద్దీ చప్పుడు కోసం ఎదురుచూసింది, స్లైడ్ జారిపడే టక్కుమనే చప్పుడు. అది రాలేదు. ఆకు మాత్రం గోడ నిండా వచ్చి నిలిచింది.

మునుపైతే రైతులు పురుగును వింతగా చూసేవారు, అది ఎక్కడో ఎవరి చేలోదో. ఈసారి రెండో బొమ్మకే వెనక నుంచి ఒక గొంతు లేచింది. ఆ బొమ్మలో గట్టు మీది రాతికుప్ప కనిపిస్తోంది.

"ఇది సిద్దప్ప చేనే గద."

అన్నది గంగాధర్. సిద్దప్ప చేనుకు పడమట గట్టు అతనిదే. నిలబడ్డాడు. "నీ చేన్ల తెగులుంటే మాకొక్క మాట చెప్పకుంట దాపెట్టినవా సిద్దప్పా? నా నాలుగెకరాలు నీ పక్కపొంటే ఉన్నయి."

సిద్దప్ప లేచాడు. గదిలో అందరూ అతని వైపే చూస్తున్నారు. జగదేవి ప్రొజెక్టర్ వెలుతురుకు అడ్డంగా వచ్చి నిలబడింది. ఆకు మచ్చలు ఆమె చీర మీద పడ్డాయి.

"దాపెట్టలే గంగాధరన్నా. పది చెట్లున్నప్పుడే మమ్మల్ని పిలిచిండు. నేనొచ్చిన, ఫొటోలు తీసిన, మంచిగ చూడలే. ఇనుము తక్కువైందని తప్పు చెప్పినం. ఆయన మేము చెప్పిందే చేసిండు. పది రోజులు పోయినయంటే అవి మేము పోగొట్టినయి."

"మందు పేరు చెప్పింది నేను," అంది విద్య, లాప్‌టాప్ వెనక నుంచి. "జగదేవక్క కాదు."

గంగాధర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మరి ఇప్పుడు మీ మాట ఎట్ల నమ్మాలె?"

"నమ్మకు," అంది జగదేవి. "నడువు, నీ చేనుకు పోదాం. నువ్వే ఆకు తిప్పి చూడు."

మిగతా బొమ్మలు ఎవరూ చూడలేదు. ప్రొజెక్టర్ అలా వెలుగుతుండగానే జనం బయటికి నడిచారు. గంగాధర్ చేలో గట్టు పొడుగునా వెతికితే ఏడు మొక్కలు దొరికాయి. మొదటి ఆకును అతనే తెంపి, ఎండకు పట్టి, గోడ మీద చూసిన మచ్చలు దాని మీద చూశాడు. వెంటనే మొక్కను వేళ్లతో సహా లాగేశాడు. పొద్దు వాలేలోగా ఎవరి చేలకు వాళ్లు వెళ్లి చూసుకున్నారు. ఇంకో మూడు చేలల్లో అక్కడక్కడా కనిపించింది. పీకారు, కుప్పేసి కాల్చారు. దుబల్గుండి ఊరి దాకా కబురు పాకి, అక్కడి వాళ్లూ ఆకులు సంచుల్లో పెట్టుకుని ఆఫీసుకు రాసాగారు.

ఆ యేడు గంగాధర్ పంట దాదాపు మొత్తం చేతికొచ్చింది. సిద్దప్పకు మూడో వంతు పోయింది. అతను మళ్లీ సంక్రాంతి దాటేదాకా జగదేవికి ఫోన్ చేయలేదు. ఆమె చేస్తే హనుమవ్వ ఎత్తి, "చేన్ల ఉన్నడు," అనేది. ఒకసారి వెనక అతని దగ్గు వినపడింది. మరుసటి ఏడు ఖరీఫ్‌కు విత్తనాల శిక్షణ పెడితే సిద్దప్ప వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. పోయేటప్పుడు, "నారాయణపేట దిక్కు తెగులు తట్టుకునే విత్తనం ఏదో ఉన్నదంటున్నరు, నిజమేనా?" అని అడిగాడు. ఆమె కనుక్కుని చెప్తానంది. కనుక్కుంది కూడా.

విద్య ఆ తర్వాత బొమ్మలు చూసి మందు పేరు చెప్పడం మానేసింది. వీలున్నంతవరకు తనే వచ్చేది. చెప్పులు చేతబట్టుకుని బురదలో జగదేవి వెనక నడిచేది.

జగదేవి సగంలో ఉన్న ఫిల్మును దసరాకు ముందు సాల్మన్‌కు పంపింది. మిగిలిన నాలుగు డబ్బాలు ఫ్రిజ్‌లో గడువు తీరిపోయాక సంజు అడిగి తీసుకెళ్లాడు, వాళ్లమ్మాయి ఆ డబ్బాల్లో కుట్టుపని సూదులు దాచుకుంటుందట.

ఆమెకు మునుపటి నిలకడ మాత్రం తిరిగి రాలేదు. మునుపు ఫిల్ము పంపాక ఇరవై రోజులు ఎవరూ ఏమీ అడిగేవారు కాదు, అడిగినా చెప్పడానికేమీ ఉండేది కాదు. ఇప్పుడు పొద్దున ఫొటో తీస్తే సాయంత్రానికి రైతు ఫోన్ మోగుతుంది. రోజూ ఆఫీసు మూసే ముందు ఆ రోజు తీసిన ప్రతి ఫొటోనూ మూల మూలా పెద్దది చేసి చూస్తుంది. ఏదో ఒకటి తప్పిపోయినట్టే అనిపిస్తుంది. మళ్లీ మొదటి నుంచి చూస్తుంది. సంజు తాళంచెవులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడతాడు.

"అయిందా మేడమ్?"

"జర ఆగు," అంటుంది జగదేవి, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఇదొక్కటి. దీని తర్వాత ఇంకొక్కటి."